మండువాను కోస్తే ఇల్లు నిలవదు

పొలాన్ని గట్టు వేసి పంచుకోవచ్చు. కొబ్బరి తోటను చెట్లు లెక్కపెట్టి పంచుకోవచ్చు. మండువా లోగిలిని పంచుకోవడం మాత్రం అంత తేలిక కాదు. ఈ సంగతి తెలియకనే కోనసీమ గ్రామాలలో తాతల నాటి ఇళ్లు ఒకటొకటిగా ముక్కలవుతున్నాయి. ఇది శోచనీయం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల నీరు పారిన తరువాత డెల్టాలో పంట పెరిగింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ కలిమి లోగిళ్ల రూపంలో నిలిచింది. ఎగువ అడవుల కలప తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చింది. స్తంభాలు, దూలాలు, చెక్కడపు ద్వారబంధాలు దానితోనే తయారైనాయి. గానుగ సున్నంతో గోడలు లేచాయి.

ఈ ఇళ్ల కట్టుబడిలో గొప్ప ఆలోచన ఉన్నది. వీధి అరుగు దాటి సావిడిలోకి వెళితే నడుమ ఆకాశం కనబడే మండువా. నాలుగు వైపుల పెంకు కప్పు లోపలికే వాలి ఉంటుంది. వాననీరు మండువాలో పడి, నేల కింది తూము గుండా పెరటి వైపు పోతుంది. వేడిగాలి పైకి పోతుంది, గదులకు వెలుతురు వస్తుంది. నాలుగు వాలుల బరువూ మండువా చుట్టూ ఉన్న స్తంభాల మీద, వాటిని కలిపే దూలాల మీద ఉంటుంది. అంటే గదులు ఎన్ని ఉన్నా కప్పు ఒక్కటే, తూము ఒక్కటే.

చిక్కు ఇక్కడే వస్తున్నది. అన్నదమ్ములు నలుగురైతే నాలుగు వాటాలు, మండువా నడుమ ఒక గోడ. ఒకరు తమ వాటా విప్పి డాబా వేస్తారు. అంతవరకూ ఒకదానినొకటి పట్టుకుని ఉన్న దూలాలలో ఒకటి తెగుతుంది. రెండు వాలులు కలిసే మూలలో నీరు దిగి, పక్కవారి వాసాలు పుచ్చుతాయి. తూము ఎవరి వాటాలో పడితే వారు మూసివేస్తారు. పైన వాన, కింద మురుగు, మధ్యలో వ్యాజ్యం. కోర్టు తీర్పు వచ్చే లోపే కప్పు కూలుతుంది.

వాటా అడగడం తప్పు కాదు. ఆడపిల్లలు అడగడం అసలే తప్పు కాదు. కుటుంబం కాపురముండే ఇంటిని మగ వారసులు పంచుకునే దాకా ఆడవారు పంపకం కోరరాదని హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్‌లో ఉండేది. 2005 సవరణలో దానిని తొలగించారు. న్యాయమైన పనే. వాటాదారులు పెరిగినకొద్దీ ఇంటిని కోయక తప్పదని అనుకోవడమే పొరపాటు.

మార్గాలు చట్టంలోనే ఉన్నాయి. 1893 నాటి పంపకాల చట్టం ప్రకారం, ఉమ్మడి ఇంటిలో వాటా కొన్న బయటివాడు పంపకానికి దావా వేస్తే, కోర్టు కట్టిన వెలకు ఆ వాటాను కుటుంబంలోని వాటాదారు కొనుక్కోవచ్చు. పంచడానికి వీలుపడని ఆస్తి అయితే, సగమో అంతకు మించో వాటా ఉన్నవారు కోరినప్పుడు కోర్టు దానిని అమ్మించి సొమ్ము పంచవచ్చు. వీటికన్నా మేలైనది ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఏర్పాటు. గదులు ఎవరివి వారికి. మండువా, తూము, కప్పు, నడవ, నుయ్యి అందరికీ ఉమ్మడి. మరమ్మతు ఖర్చు వాటాల ప్రకారం. ఈ నాలుగు మాటలు పంపకపు దస్తావేజులో రాసి రిజిస్టరు చేయించుకుంటే చాలా తగవులు పుట్టవు.

1996 నవంబరు తుపాను దెబ్బను కోనసీమ ఇంకా మరువలేదు. అటువంటి గాలికి తల ఒగ్గేముందు ఇంటి కప్పు ఒకదానినొకటి పట్టుకుని ఉండాలి. సగం విప్పిన కప్పు ఆ సగంలో ఉన్నవారికే కాదు, పక్క వాటాలో నిద్రించే పిల్లలకు కూడా ప్రమాదమే.

పంచాయతీలు తమ గ్రామాలలో మిగిలిన లోగిళ్ల జాబితా తయారు చేయాలి. ఒక వాటా విప్పే ముందు మిగతా వాటాదారులకు తెలియజేసి, ఉమ్మడి దూలాలకు ఊతం ఇచ్చే ఏర్పాటు చేయించాలి. పెంకు నేతకు, పాత కొయ్య పనికి తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నప్పుడే కుర్రవారికి ఆ పని నేర్పించాలి. దస్తావేజు రాసే లేఖరులు సైతం వాటాల కొలతలతో సరిపెట్టక, మండువా ఎవరిదని ఒక్క మాట అడగాలి. అందరిదీ అని రాయించుకున్న ఇల్లే నాలుగు కాలాలపాటు నిలుస్తుంది.