ఆపరేషన్ ఒక పూట, నడకకు నెలలు

సీమలో ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. కోడిగుడ్డు సొన, పసరు, వెదురుబద్దలతో మన తాతల నాటి నుంచీ నడుస్తున్న వైద్యం. మా కమలాపురంలో రైలెక్కి రేణిగుంట దాటితే పుత్తూరే. కానీ పెళుసు ఎముకల జబ్బుతో పుట్టినవాళ్లకు విరిగిన చోటు ఒక్కటే అతికితే సరిపోదు. ఎముకకు బిగువునిచ్చే కొల్లాజెన్ అనే పదార్థంలోనే లోపం. సుమారు 15 నుంచి 20 వేల మందిలో ఒకరు ఈ జబ్బుతో పుడతారు.

దీన్ని పిల్లల జబ్బుగా చూడటం మనకు అలవాటైంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలోనూ దీని పేరు పక్కన ఎముకను గట్టిపరిచే మందే కనిపిస్తుంది. పెద్దయ్యాక విరగడం తగ్గుతుంది, నిజమే. అయితే వంగి అతుక్కున్న తొడ ఎముక, లోపలికి కుంగిన తుంటి గిన్నె నడివయసులో పాత బాకీ వసూలు చేస్తాయి. కీలు అరిగి అడుగు పడదు.

అప్పుడు తుంటి మార్చాలన్నా తేలిక కాదు. ఎముక లోపలి దారి ఇరుకు, అందులో చిన్నప్పుడు వేసిన రాడ్డు. కీలు దిగగొట్టేటప్పుడు దెబ్బ కాస్త గట్టిగా పడితే అక్కడే పగులుతుంది. బీపీ పట్టీ బిగించడంలోనూ జాగ్రత్త కావాలి. ముందే కొలతలు తీసి, సరిపడే కీలు తెప్పించుకుని, అనుభవమున్న చేతులే చేయాలి. అందుకే తిరుపతి బర్డ్ ఆసుపత్రి అనో, రాయవేలూరు అనో మనవాళ్లు బయల్దేరుతారు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలవుతుంది. కాలి మీద బరువు కొద్దికొద్దిగా మోపాలి. చంకకర్రల మీద వాలదామంటే చేతుల ఎముకలూ పెళుసే. జబ్బు తెలియని మనిషి కాలు పట్టి మెలితిప్పితే కొత్త కీలు పక్కనే ఎముక విరగొచ్చు. ఇంట్లో చూస్తే తడిస్తే జారే కడప బండలు, గొంతుకు కూర్చునే మరుగుదొడ్డి, ఎత్తు గడప.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి ఆపరేషన్ బల్ల దగ్గరైంది. నడక నేర్పే ఫిజియోథెరపిస్టు మాత్రం ఊళ్లకు ఇంకా దూరమే. ఇంత అరుదైన జబ్బుకు ఊరూరా మనిషిని పెట్టాలా అని అడగొచ్చు. కానీ తుంటి విరిగిన అవ్వలు, పక్షవాతం వచ్చినవాళ్లు, పోలియో కాళ్లవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. అందరికీ ఆ ఒక్కరే పనికొస్తారు. ఆపరేషన్ చేసిన డాక్టరును ఫోన్లోనే జాగ్రత్తలు అడిగి తెలుసుకుని, ఆర్నెల్లపాటు వారానికి రెండుసార్లు ఇంటికొస్తే చాలు. ఆపరేషన్ ప్యాకేజీలోనే ఆ ఆర్నెల్ల ఖర్చునూ కలపాలి. నడవని కాలికి కొత్త కీలు వేసి లెక్క ముగిస్తే, ఆ డబ్బూ దండగే.

— పాపాఘ్ని