చుట్టల పెట్టెలో 600 డాలర్లు



పోయిన ఆదివారం మా మనుమడూ, వాడి నేస్తాలు నలుగురూ మా ఇంటి అరుగుమీద పెద్ద పంచాయితీ పెట్టారు. వినాయకచవితి పందిట్లో పాటలు పాడితే వాళ్ళకు 2,000 రూపాయలు బహుమానం వచ్చింది. దాన్ని తలా 400 చొప్పున పంచుకోవాలా, లేక తాము కట్టుకున్న పాటలు రికార్డు చేయించుకోవాలా? ఇదీ తగవు.

"తాతగారూ, తీర్పు మీరే చెప్పండి!" అన్నారు.

"తీర్పుకు తొందరేమిటి? ముందు ఒక కథ వినండి" అన్నాను. ఆ కథే మీకూ చెబుతున్నాను. ఇది నిజంగా జరిగినది.

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో 1979లో నలుగురు కుర్రవాళ్ళు కలిసి ఒక వాద్యబృందం పెట్టుకున్నారు. దాని పేరు టీన్ ఐడిల్స్. వారిలో ఇయాన్ మెకాయ్ బేస్ గిటారు వాయించేవాడు. జెఫ్ నెల్సన్ డ్రమ్ములు వాయించేవాడు. వాళ్ళ సంగీతాన్ని హార్డ్‌కోర్ అంటారు. పాటలు చాలా చిన్నవి, మహా జోరైనవి. మన తప్పెటగుళ్ళవారు ఆట చివర జోరందుకున్నప్పుడు గుండె ఎట్లా దడదడలాడుతుందో తెలుసునా? వాళ్ళ పాట మొదటినుంచీ అట్లాగే ఉంటుంది!

పాడగా వచ్చిన డబ్బును వాళ్ళు ఖర్చు చేయలేదు. ఒక చుట్టల పెట్టెలో వేసి దాచారు. అట్లా సుమారు 600 డాలర్లు పోగయినవి. ఇంతలో 1980 చివర బృందం విడిపోయింది. పెట్టె మాత్రం మిగిలింది. పంచుకుంటే మనిషికి 150 డాలర్లు వస్తాయి. కాని వాళ్ళు అట్లా చేయలేదు. తాము పాడి ఉంచిన 8 పాటలనూ ఆ డబ్బుతో రికార్డుగా వేయించారు.

ఆ పాటలు రికార్డు చేసినది ఎక్కడనుకున్నారు? నదికి ఆవలి ఒడ్డున ఆర్లింగ్టన్ అనే ఊళ్ళో, డాన్ జెంటారా అనే ఆయన ఇంట్లో! ఆయన తన ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని, దానికి 'ఇన్నర్ ఇయర్' అని పేరు పెట్టాడు. అంటే 'లోపలి చెవి' అన్నమాట.

పాట రికార్డు ఎట్లా అవుతుంది? ధ్వని గాలిలో అలలుగా వస్తుంది. ఆ అలలకు మైకులోని పలచని పొర అదురుతుంది. ఆ అదురు విద్యుత్తుగా మారి, టేపుకు పూసిన ఇనుప తుప్పువంటి పొడిలో అయస్కాంతపు గుర్తులుగా నిలిచిపోతుంది. తరువాత ఆ గుర్తులను అనుసరించి ఒక సూది కదులుతూ పళ్ళెం మీద సన్నని గాడి చెక్కుతుంది. దానికి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో ప్లాస్టిక్ పళ్ళేలు ఒత్తుతారు. మన ఊళ్ళో బెల్లం పాకం అచ్చులో పోసి దిమ్మలు తీసినట్టే!

అట్లా 1,000 రికార్డులు తయారైనవి. మరి వాటికి అట్ట సంచులు కావద్దూ? కుర్రవాళ్ళు ఒక పాత రికార్డు సంచిని విప్పి, దాని కొలతలు గీసుకున్నారు. అదే కొలతకు కాగితాలు అచ్చు వేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. మీరు పుస్తకాలకు అట్టలు వేసుకుంటారే, అట్లాగే!

రికార్డులు అమ్మిన డబ్బును కూడా వాళ్ళు పంచుకోలేదు. దానితో స్నేహితుల పాటలు రికార్డులుగా వేశారు. అట్లా పుట్టినదే డిస్కార్డ్ అనే సంస్థ. 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బృందం తమ మొదటి ఆల్బమ్‌ను ఆ జెంటారాగారి స్టూడియోలోనే, మెకాయ్ పర్యవేక్షణలో తయారుచేసింది. జోరు తగ్గకుండానే మనసులోని దుఃఖాన్నీ, ఆరాటాన్నీ చెప్పుకునే పాటలవి. అటువంటి సంగీతానికి తరువాత పోస్ట్ హార్డ్‌కోర్ అనే పేరు వచ్చింది. ఆ బృందం కూడా మరుసటి ఏడే విడిపోయింది. కాని ఆల్బమ్ నిలిచింది. ఈనాటికీ వినేవారున్నారు.

ఇంతవరకూ చెప్పి నేను కాసేపు ఊరుకున్నాను. ఎందుకంటే నాకు నా సంగతే గుర్తుకు వచ్చింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా బడి పిల్లల కోలాటానికి 300 రూపాయలు బహుమతి వచ్చింది. పిల్లలు పన్నెండుమంది. నేను లెక్కలు చెప్పే మాస్టరును గదా! తలా 25 రూపాయలు పంచిపెట్టి, ఎవరికీ అన్యాయం జరగలేదని సంతోషించాను. ఒక కాసెట్టు కొని, ఎవరి దగ్గరైనా టేప్ రికార్డరు అడిగి తెచ్చి ఉంటే ఆ పాటలు దక్కేవి. నాకు ఆ ఆలోచనే రాలేదు. మొన్న వారిలో ఒకడు బజారులో కనిపించాడు. ఆ పెద్ద పాట పాడమన్నాను. రెండు చరణాలు పాడి, "తరువాతది మరిచిపోయాను మాస్టారూ" అన్నాడు. నాకూ గుర్తులేదు. లెక్క సరిపోయింది కాని, పాట పోయింది.

నా మాట విని పిల్లలు రికార్డే చేయిస్తామన్నారు. వారిలో ఒకడు మాత్రం తల వంచుకుని, "నా వాటా నాకు ఇచ్చెయ్యండిరా. అమ్మ మందులకు కావాలి" అన్నాడు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా మనుమడు లేచి 400 లెక్కపెట్టి వాడి చేతిలో పెట్టి, "నువ్వు మాత్రం పాడక తప్పదు" అన్నాడు. నేను చెప్పవలసిన తీర్పు వాళ్ళే చెప్పేశారు!

మీరూ ఒక పని చేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళ సెల్‌ఫోను అడిగి తీసుకుని, ఖాళీ గదిలో ఒక పాట పాడి రికార్డు చేయండి. తరువాత పరుపులూ, దుప్పట్లూ ఉన్న గదిలో అదే పాట పాడండి. రెండూ విని చూడండి. ఖాళీ గదిలో గోడలు ధ్వనిని తిప్పికొట్టడంవల్ల గొంతు గింగురుమంటుంది. దుప్పట్లు ధ్వనిని చాలావరకు పీల్చుకుంటాయి గనుక, రెండో గదిలో మాట స్పష్టంగా వినిపిస్తుంది.

అన్నట్టు, పాడవలసిన పాట ఏదో చెప్పలేదు గదూ? మీ అమ్మమ్మకో, నాయనమ్మకో మాత్రమే వచ్చిన పాట ఒకటి ఉంటుంది. ముందు అది నేర్చుకోండి.