యోగశాలకు ముందు సుభిక్షము

ఈనాడు పట్టణవాసులకు ప్రశాంతత యనునది వెలకు దొరకు వస్తువైనది. సముద్రతీరమున కొబ్బరితోపులో నొక చిన్న పాక, చుట్టును పచ్చని చెట్లు, నేలపై పది చాపలు, పక్షికూత దప్ప వేఱు సద్దు లేని ఉదయము. ఇట్టి యోగశాలలు గోవా మొదలు కేరళము వఱకును, సింహళము మొదలు బలిద్వీపము వఱకును వెలసినవి. దూరదేశముల వారు సెలవులలో వచ్చి, వారమో పది దినములో అచట గడపి, మనస్సు తేలికపడినదని చెప్పి పోవుచున్నారు. వారిని పరిహసింప బనిలేదు. నిత్యము పరుగెత్తు మానవుడు ఒక గడియ కదలక కూర్చుండగోరుట మంచి కోరికయే. కాని ఆ పాకను, ఆ తోపును చూచి యోగమన్న నిదియే యని మన విద్యార్థులు భ్రమపడరాదు. సాధనకు స్థలమెట్టిదై యుండవలెనో మన పెద్దలు నిశితముగ నాలోచించిరి. ఆ యాలోచనలో నేటి యోగశాలలు గ్రహించినది కొంత, విడిచిపెట్టినది కొంత. ఆ విడిచిపెట్టిన భాగమే నారాయణఖేడ్ వంటి ప్రాంతముల కెక్కువ కావలసినది.

సుమారు పదునైదవ శతాబ్దమున స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికలో, ప్రథమోపదేశముననే, యోగి కుటీర లక్షణములు చెప్పబడినవి. అది ఏకాంతమున నుండు చిన్న గది. దాని ద్వారము చిన్నది. కిటికీలును కంతలును ఉండరాదు. మిక్కిలి యెత్తును, మిక్కిలి పల్లమును గారాదు. గోమయముతో దట్టముగ నలికి, పురుగుపుట్ర లేక శుభ్రముగ నుండవలెను. విల్లు పొడవున, అనగా నాలుగు మూరల మేర, రాయియు నిప్పును నీరును ఉండరాదు. వెలుపల మంటపము, అరుగు, బావి, చుట్టును గోడ. ఇది సౌధవర్ణనము కాదు. మన పల్లెలో పేదరైతైనను కట్టుకొనగల గుడిసె వర్ణనము. ఇందు అలంకారమునకు సంబంధించిన మాట యొక్కటియు లేదు. భగవద్గీత ఆఱవ అధ్యాయమును శుచియైన చోటును, మరీ యెత్తును మరీ పల్లమును గాని స్థిరమైన యాసనమును కోరినది. పతంజలి తన రెండువందలకు కొంచెము తక్కువగు సూత్రములలో ఆసనమునకు కేటాయించినవి మూడే. యోగమునకు ఆర్భాటము తగదని చెప్పుట కింతకన్న నిదర్శనము వలదు.

అయితే ప్రదీపికలో ఆ కుటీరమునకు ముందే చెప్పబడిన మాట యొకటి కలదు. చదువరులు దానిని సాధారణముగ దాటిపోవుదురు. ఆ కుటీరము సురాజ్యమున, ధర్మము నిలిచిన దేశమున, సుభిక్షమై యుపద్రవములు లేని చోట నుండవలెనట! గోడలకన్న, ద్వారముకన్న ముందు గ్రంథకర్త దేశస్థితిని పేర్కొనెను. గీతయు మితిమీఱి తినువానికే గాక, బొత్తిగ తినని వానికిని యోగము లేదని తేల్చినది. ఆకలిగొన్న దేశమున యోగము వర్ధిల్లదని మన శాస్త్రములు స్పష్టముగ నెఱిగియున్నవి.

ఈ సత్యము తెలుగునేలపై శిథిలములలోను కానవచ్చును. విశాఖపట్టణ సమీపమున సముద్రాభిముఖముగ నున్న తొట్లకొండపై పూర్వము బౌద్ధభిక్షువులు వసించిరి. ఒక్కొక్కరికి చిన్న గది; ఎదుట సముద్రము. నేటి యోగశాలల వారు కలగను స్థలమట్టిదే. కాని ఆ కొండకు పేరు తెచ్చినవి ధ్యానపు గదులు కావు, వర్షజలము నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్లు. గదులతోబాటు భోజనశాలయు నచట నుండెను. నీరును అన్నమును సమకూర్చుకొనిన పిమ్మటనే వారు కన్నులు మూసికొనిరి.

మన కాలమున యోగమునకు గొప్ప ప్రచారము లభించినది. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినోత్సవముగ ప్రకటించినది. 2015 నుండి అది జరుగుచున్నది. 2025లో విశాఖ సాగరతీరమున మూడు లక్షల మంది యొకేసారి ఆసనములు వేసిరి. రథోత్సవము వలె నిదియు నుత్సాహము కలిగించును. కాని రథోత్సవము ఏటికొకమాఱు. ఇంటిలో దీపము ప్రతిసంధ్యను వెలిగింపవలెను. బాహ్యవేషమును కఠినముగ విమర్శించిన వేమన యోగి మన జాతివాడే యని మఱువరాదు.

ఇక నారాయణఖేడ్ సంగతి. పూర్వము మెదక్ జిల్లాలోనిదై 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ సీమ కర్ణాటక మహారాష్ట్రముల సరిహద్దున నున్నది. తెలుగుతోబాటు కన్నడ మరాఠీలును, తండాలలో లంబాడీ భాషయు వినవచ్చును. మనది ఉష్ణమండలమే, కాని కొబ్బరితోపుల యుష్ణమండలము కాదు; వేప, మోదుగ, తంగేడు పెరుగు మెట్టభూమి. సమీపముననే మంజీర ప్రవహించుచున్నది. సింగూరు జలాశయపు నీరు హైదరాబాదు దప్పిక తీర్చినది. ఇచటి చేలు మాత్రము చాలవఱకు వాననే నమ్ముకొన్నవి. పంట చేతికిరాని యేట తండాలవారు చెఱకుకోతలకును, పట్టణమున కూలిపనులకును వలసపోవుదురు. పిల్లలు వారి వెంట బోయి బడి మానుదురు. లేదా ముసలివారి చెంత మిగులుదురు. దినమంతయు నడుము వంచి చెఱకు నఱకిన తల్లికి ముందునకు వంగు ఆసనము నేర్పబోవుట పరిహాసము గాక మఱేమి?

అట్లయిన నీ పిల్లలకు యోగము వలదా యని యడుగవచ్చును. వలయును. కొందఱనునట్లు కడుపు నిండినవానికే శాంతి కావలెననుట సరిగాదు. తలిదండ్రులు దూరమున నున్న పిల్లవానికి, ఎవరును గద్దింపని యొక పావుగంట, తన యూపిరి తాను వినగల యొక చోటు, ఎంత యవసరమో ఉపాధ్యాయు లెఱుగుదురు. మనస్సు నిలువనిదే పద్యము చెవికెక్కదు, లెక్క తలకెక్కదు. నా వాదమొక్కటే: ఆ పావుగంటను మధ్యాహ్న భోజనమునుండియు, త్రాగునీటినుండియు, వలసకాలమున పిల్లలను నిలుపుకొను వసతినుండియు వేఱుచేయరాదు. అన్నియు ఒకే కుటీరపు గోడలు.

దీనికి ధనము పెద్దగ నక్కఱలేదు. బడి యావరణలో వేపచెట్టు క్రింద కొంత నేల చదునుచేసి, రాళ్లేఱి, పిల్లలచేతనే శుభ్రము చేయింపవచ్చును. చాపలు చాలును. అది చిన్నదిగ నుండుటే మేలు. ఇరువది మందికి మించినచో ఉపాధ్యాయుడు ప్రతివాని ముఖమును చూడలేడు. పోటీలు, బహుమతులు, ఛాయాచిత్రములు అచట వలదు. ఏ మతమువాని కైనను సంకోచము కలుగనీయరాదు. ఇష్టములేని పిల్లవానిని నిర్బంధింపరాదు. ఖాళీకడుపుతో వచ్చినవానిని ముందు భోజనమునకు పంపవలెను. అన్నిటికన్న ముఖ్యముగ, ఉపాధ్యాయుడు తాను మొదట కూర్చుండవలెను. బెత్తము పట్టుకొని నిలిచి కన్నులు మూయుమని శాసించినచో పిల్లలు కన్నులు మూసి భయమునే ధ్యానింతురు.

నేటి విద్యార్థులలో ఱేపటి యధికారులును, ప్రజాప్రతినిధులును కలరు. వారు యోగశాలలకు ప్రారంభోత్సవములు చేయుదురు. ఆనాడు వారు చాపల లెక్క నడుగుటకు ముందు, ఆ యూరి బావిలో నీరున్నదా, బడిలో పిల్లలందఱు నున్నారా యని యడుగవలెను. స్వాత్మారాముడు వేసిన వరుస యదియే. ఆ వరుసను మనము తలక్రిందులు చేయరాదు.