కుట్టు సెంటర్ రానివ్వండి, కానీ లెక్క మనకూ కనిపించాలి

వచ్చే నెల మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విషయం ఓటుకు వస్తోంది. హాలు పైఅంతస్తు ఖాళీగా పడి ఉంది కదా, అందులో సర్కారు డబ్బుతో కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతామని ఒక సంస్థ అడిగింది. మిషన్లు, టీచర్లు వాళ్ళవి. హాలు మనది, పిల్లల్ని సమకూర్చే పని కూడా మనదే. గ్రూపులో పది రోజులుగా ఇదే చర్చ. కొందరు "ఆన్‌లైన్ రిపోర్టులు, వేలిముద్రల హాజరు, ఫొటోలు, ఈ తలనొప్పి మనకెందుకు" అంటున్నారు. ఇంకొందరు "రిపోర్టులు వాళ్ళు చూసుకుంటారు, మనకు అద్దె వస్తే చాలు" అంటున్నారు. నాకు రెండూ నచ్చలేదు. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కొట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. కేంద్రం రావాలి. బీడీలు చుట్టే ఇళ్ళలోని ఆడపిల్లలకు షోలాపూర్‌లో ఇంకో చేతిపని దొరకాలంటే ఈ ఊరి యూనిఫాం గార్మెంట్ పరిశ్రమే దగ్గరి దారి. కానీ ఆ సంస్థ సర్కారుకు పంపే లెక్క మన పేట జనానికి కూడా కనిపించాలి. నేర్చుకున్న పిల్ల ఏం చెప్తుందో అది కూడా ఆ లెక్క పక్కన ఉండాలి. దీనికి ఒప్పుకోకపోతే హాలు తాళం ఇవ్వొద్దు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను. 2015 జూలైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ ఆడిట్ రిపోర్టు 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2015 నుంచి 2022 దాకా మూడు విడతల పథకాన్ని వాళ్ళు తిరగేశారు. పోర్టల్‌లో ఉన్న దాదాపు 95.9 లక్షల మంది అభ్యర్థుల్లో 90.66 లక్షల మందికి బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, 'వర్తించదు' అనో ఉంది, లేదంటే ఖాళీగా ఉంది. అంటే వందకు 94 మందికి పైగా. మిగిలిన కొద్దిమందిలోనూ ఒకే ఖాతా నంబరు చాలామందికి పడింది. వరసగా ఒకట్లు కొట్టిన నంబర్లు కూడా ఉన్నాయి. ఒకే ఫొటో వేరువేరు మనుషుల పేరున కనిపించింది.

ఇంకో సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆడిటర్లు ఆ అభ్యర్థులకు ఈమెయిల్‌లో ప్రశ్నలు పంపారు. మూడో వంతుకు పైగా ఈమెయిళ్ళు చేరనేలేదు. జవాబులు వచ్చింది 171. అందులో 131 జవాబులు ఒకే ఈమెయిల్ ఐడీ నుంచో, శిక్షణ సంస్థల ఐడీల నుంచో వచ్చాయి. నేర్చుకున్నవాళ్ళను అడిగితే నేర్పినవాళ్ళు జవాబిచ్చారన్నమాట.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ ఏళ్ళలో నియమాలకేం కొరత లేదు. నమోదు, ఆధార్, హాజరు, పరీక్ష, సర్టిఫికెట్, ఉద్యోగం, ప్రతిదానికీ గడి ఉంది. పథకం రెండో విడతలో సంస్థకు డబ్బు మూడు వాయిదాల్లో ఇచ్చారు: బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50 శాతం, ఉద్యోగాలు చూపించాక 20 శాతం. కాగితం మీద చక్కటి పద్ధతి. చిక్కల్లా ఒక్కటే. గడి నింపేది సంస్థ, గడి నిండితే డబ్బు వచ్చేదీ అదే సంస్థకు. కార్ఖానాలో ఎవడి పీసులు వాడే లెక్కపెట్టుకుని, వాడే చీటీ రాసుకుని, వాడే గల్లాపెట్టెలోంచి తీసుకుంటే ఏ సేఠ్ ఒప్పుకుంటాడు? ఈ పేటల్లో మగ్గం నడిపిన ప్రతివాళ్ళకూ తెలిసిన విషయమే ఇది.

ఉద్యోగాల లెక్క చూస్తే, స్వల్పకాలిక శిక్షణలో సర్టిఫికెట్ వచ్చినవాళ్ళలో పని దొరికింది వందకు 41 మందికి అని అదే రిపోర్టులో ఉంది. ఆ 41 ఎక్కువా తక్కువా అని నేను వాదించను, ఎందుకంటే ఆ అంకె మీదే నాకు నమ్మకం లేదు. నాలుగో విడతలో దీన్ని సరిచేస్తారనుకుంటే, ఉద్యోగానికీ డబ్బుకూ ఉన్న ముడినే తెంపేశారు. అభ్యర్థి తనకు నచ్చిన దారి తానే ఎంచుకునేలా చేస్తున్నామని శాఖ చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ కొలత సరిగ్గా రాలేదని టేపునే పారేసినట్టుంది నాకైతే.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను, అసలు బాధ ఇక్కడే ఉంది.

పని దొరికిందని రుజువు చేయడానికి ఏం అడుగుతారు? నియామక పత్రం, జీతం చీటీ, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీ. దత్తనగర్‌లోనో, భద్రావతి పేటలోనో ఏ చిన్న గార్మెంట్ యూనిట్‌కైనా వెళ్ళి అడగండి, నియామక పత్రం అంటే నవ్వుతారు. పీసు లెక్కన పని, వారానికోసారి చేతికి నగదు. చాలామంది అక్కలు కత్తిరించిన గుడ్డ ఇంటికి తెచ్చుకుని, వంట, పిల్లలు, బీడీల మధ్య కుడతారు. ఆరు నెలలు శిక్షణ తీసుకుని, ఇంట్లో మిషన్ పెట్టుకుని, నెలంతా స్కూలు చొక్కాలు కుట్టిన పిల్ల ఆ గడిలో 'పని లేదు' అని పడుతుంది. ఎక్కడో ఒక కంపెనీ లెటర్‌హెడ్ మీద నియామక పత్రం తెచ్చి, ఒక్క రోజు కూడా పనికి వెళ్ళని పిల్ల 'ఉద్యోగి' అవుతుంది. లేని ఉద్యోగం రిపోర్టులోకి ఎక్కుతుంది, ఉన్న పని ఎక్కదు. స్వయం ఉపాధి అని ఇంకో గడి ఉంటుంది గానీ, దాని కింద అడిగే కాగితాలు షాపు పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఉంటాయి, ఇంట్లో కుట్టేవాళ్ళ దగ్గర ఉండవు.

ఇళ్ళలో పనిచేసుకునేవాళ్ళ కోసం వేరే పద్ధతి దేశానికి తెలియనిదేం కాదు. ఇప్పుడు జన్ శిక్షణ్ సంస్థాన్ అని పిలుస్తున్నవి ఒకప్పటి శ్రామిక్ విద్యాపీఠాలు. మొట్టమొదటిది 1967లో బొంబాయిలో, మన మిల్లు కార్మికుల కుటుంబాలు చాళ్ళలో బతికిన ఆ వర్లీలోనే పెట్టారు. బడి చదువు లేనివాళ్ళకు, ఇల్లు వదిలి రాలేని ఆడవాళ్ళకు వాళ్ళ పేటలోనే పని నేర్పడం దాని ఉద్దేశం. లెక్కల ఫారాలు రాసేవాళ్ళు అక్కడి అనుభవాన్ని కాస్త చూసి ఉంటే బాగుండేది.

ఇక పేర్ల గొడవ. దీని మీద సమావేశంలో ఎవరూ మాట్లాడరు, అందుకే నేను కొంచెం సాగదీస్తాను, క్షమించాలి. ఒక అమ్మాయి ఇంటిపేరు గాజుల, పేరు లక్ష్మి, నాన్న పేరు రాజయ్య అనుకోండి. ఇంట్లో పెద్దలు ఇంటిపేరు ముందు పెట్టి గాజుల లక్ష్మి అని రాయించారు. మరాఠీ పద్ధతిలో బడి దాఖలాలో ఆడనావ్, పేరు, తండ్రి పేరు ఎక్కాయి. ఆధార్‌లో లక్ష్మి రాజయ్య గాజుల. బ్యాంకులో అయ్య పోయి రాజు అయింది. ఇరవై ఏళ్ళకు శిక్షణలో చేరింది, ఇరవై ఒకటికి పెళ్ళయింది. ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు స్థానంలో భర్త పేరు, గాజుల స్థానంలో అత్తగారింటి పేరు. ఏడాది తర్వాత కంప్యూటర్ ఆమెను వెతికితే ఎవరు దొరుకుతారు? ఎవరూ దొరకరు. నమోదులో ఇచ్చింది అన్న ఫోన్ నంబరు, అన్న ఆ సిమ్ ఎప్పుడో మార్చేశాడు.

కాగ్ రిపోర్టు తర్వాత సర్కారు పట్టు బిగిస్తుంది, బిగించాలి కూడా. కానీ పట్టు బిగించడమంటే పేరు అక్షరం అక్షరం కలవాలి అని మాత్రమే అయితే, దొంగ లెక్క రాసేవాడికి ఏమీ కాదు. వాడి దగ్గర కాగితాలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఎందుకంటే అన్నీ వాడే ఒకే రోజు తయారుచేసుకున్నాడు. కలవనివి నిజమైన మనుషుల కాగితాలే. మొదట బయటపడేది మన లక్ష్మి. మా పేటలో ఒక కేంద్రంలో (పేరు రాయను) ఇద్దరు అమ్మాయిలు రెండు నెలలు వచ్చి నేర్చుకున్నాక, పేరు సరిపోలేదని పరీక్షకు కూర్చోనివ్వలేదు. పేరు సరిచేయించుకోమన్నారు. ఎక్కడ, ఎలా అని చెప్పినవాళ్ళు లేరు. వాళ్ళిద్దరూ 'మధ్యలో మానేసినవాళ్ళు' అని లెక్కకెక్కారు.

అయితే రిపోర్టులే వద్దందామా? రిపోర్టుల భారం చిన్న సంస్థలను చంపేస్తుందనే మాటలో కొంత నిజముంది. ఒక గుమాస్తా జీతమంతా పోర్టల్ ముందే పోతుంది. కానీ ఇందులో ఉన్నది జనం డబ్బు. ఇంకో దేశం చూడండి. ఆస్ట్రేలియాలో 2015 నుంచి వృత్తి విద్య చదివే ప్రతి విద్యార్థికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చారు, సంస్థలు ఒకే నమూనాలో లెక్క పంపాలి. అక్కడ కూడా ఈ పని మీద సణుగుడు ఉంది. కానీ అక్కడి జాతీయ కేంద్రం ఏటా విద్యార్థులనే నేరుగా అడుగుతుంది: నీ శిక్షణ ఎలా ఉంది, ఇప్పుడేం చేస్తున్నావు, అది నీ పనికి ఉపయోగపడిందా అని. ఆ జవాబులు అచ్చువేసి అందరికీ చూపిస్తారు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. అడగాల్సిన మనిషిని అడిగారు, నేను చూసింది అంతే.

అంత దూరం ఎందుకు, మన తాతల ఊళ్ళలోనే ఉదాహరణ ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ ముందు సామాజిక తనిఖీ పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి దాన్ని పెద్ద ఎత్తున చేశారు. మస్టర్ రోల్ తీసుకొచ్చి ఊరందరి ముందు గట్టిగా చదవడమే పని. "ఫలానా వాడు పన్నెండు రోజులు పనిచేశాడు" అని చదివితే, జనంలోంచి "వాడు చచ్చి రెండేళ్ళయింది కదా" అని ఒక గొంతు వచ్చేది. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని అది. కుట్టు శిక్షణకు, డ్రైవింగ్ శిక్షణకు, కంప్యూటర్ శిక్షణకు అలాంటి సభ ఎందుకుండకూడదు? సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ సబ్సిడీ పథకాల అమలు, ఇచ్చిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే బయటపెట్టమంటోంది. శిక్షణ డబ్బుకు కూడా అదే న్యాయం వర్తించాలని నా వాదన.

"ఆడపిల్లల పేర్లు, నంబర్లు గోడకు అంటిస్తావా" అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. అంటించను. ఫోన్, ఆధార్, ఫొటో ఏవీ బయటికి రాకూడదు. బ్యాచ్ నంబరు, ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా వచ్చారు, ఎంతమందికి సర్టిఫికెట్ అందింది, ఏడాది తర్వాత ఎంతమంది ఆ పని చేస్తున్నారు, ఈ అంకెలు చాలు. తన పేరు మీద ఏం రాశారో మాత్రం ఆ అమ్మాయికి పూర్తిగా చూపించాలి. మిగతాది మన పేటకు తెలుసు. నలభై మంది బ్యాచ్ అని బోర్డు మీద రాసి, లోపల పద్దెనిమిది మంది కూర్చుంటే కింద టీ బండివాడే చెప్తాడు.

కాబట్టి తీర్మానంలో ఈ మాటలు చేర్చమని లిఖితపూర్వకంగా ఇస్తున్నాను. చేరే రోజునే ప్రతి అమ్మాయి దాఖలా, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి, తేడా ఉంటే పరీక్షకు ముందే సరిచేయించాలి. ఈ పనికి మన యువక విభాగం నుంచి ఇద్దరు చాలు. సంస్థ పోర్టల్‌లో పెట్టిన బ్యాచ్ అంకెలు అదే వారం హాలు కింద బోర్డు మీద తెలుగులో, మరాఠీలో రాయాలి. బ్యాచ్ అయిపోయిన మూడు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, మన మహిళా విభాగం అక్కలు ఇంటింటికీ వెళ్ళి అడగాలి. పీసు లెక్కన ఎంత వస్తోంది, మిషన్ ఎవరిది, బీడీలు మానేసిందా లేదా అని. జవాబులు తెలుగులోనే రాసుకుందాం, సర్కారు గడిలో పట్టకపోయినా ఫర్వాలేదు. మన లెక్కా సంస్థ లెక్కా తేడా వస్తే ముందు సంస్థను అడుగుదాం, పలకకపోతే జిల్లా నైపుణ్య కార్యాలయానికి రాద్దాం.

సంస్థవాళ్ళు ఈ షరతులు విని ఏమంటారో నాకు తెలీదు. అద్దె కొంచెం తగ్గించి ఇచ్చైనా సరే, ఒప్పించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇప్పటికే ఎక్కడైనా ఇలాంటి శిక్షణ తీసుకున్న చెల్లెళ్ళు, అక్కలు మీ ఇంట్లో ఉంటే మూడు సంగతులు నాకు విడిగా రాసి పంపండి: సర్టిఫికెట్ చేతికొచ్చిందా, అందులో పేరు ఎలా పడింది, ఇప్పుడు ఏం పని చేస్తున్నారు. కేంద్రం పేరు, మీ పేరు అవసరం లేదు. సమావేశం లోపు ఒక యాభై జవాబులు వస్తే తీర్మానంతో పాటు చదివి వినిపిస్తాను.