ఒక ఖాలీ పైప్ పెట్టించండి

మొన్న మహదేవపూర్ వెళ్లాను. ఆపా వాళ్లు కొత్త మకాన్ కడుతున్నారు. దీవార్లు లేచాయి, స్లాబు పడింది. ఎలక్ట్రీషియన్ గాడులు కొట్టి కరెంటు పైపులు బిగిస్తున్నాడు. రెండు రోజుల్లో ప్లాస్టరింగ్. "నెట్ వైర్‌కి పైప్ ఏదీ?" అని అడిగితే దూలాభాయ్ నవ్వారు. "వైఫై గాల్లో వస్తది కదా మియా, దీవార్ లోపల దానికేం పని?"

ఈ మాట చాలా ఇళ్లలో విన్నాను. గాల్లో వచ్చేది రౌటర్ నుంచి ఫోన్ దాకానే. రౌటర్‌కి మాత్రం తీగ కావాలి. ఆ తీగ వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి రౌటర్ దీవాన్‌ఖానాలో కూర్చుంటుంది. ఒక్కో ఇటుక గోడ దాటేకొద్దీ సిగ్నల్ కమ్‌జోర్ అవుతుంది, ఇనుప చువ్వల కాంక్రీటు అడ్డొస్తే ఇంకా ఎక్కువ. వెనక గదికి చేరేసరికి వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఆ వెనక గది ఎవరిది? మన ఘరానాల్లో ఎక్కువగా ఆడపిల్లలది. దీవాన్‌ఖానాలో మెహమాన్ ఉంటే కొడుకు గుమ్మంలో కూర్చునైనా క్లాసు వింటాడు. బేటీ ఫోన్ మూసేసి బావర్చీఖానాలోకి వెళ్తుంది. అందుకే నాకు ఈ పైప్ తాలీమ్ మసలాగానే కనిపిస్తుంది.

2011లో కేంద్రం మంజూరు చేసి, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకం పంచాయతీల దాకా ఫైబర్ తేవడానికే. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ కూడా వేశారు. అంత దూరం సర్కార్ తవ్వితే, ఇంట్లో చివరి ఇరవై అడుగుల దగ్గర మనం కంజూసీ చేస్తున్నాం. దావత్‌లో ఒక దేగ్ బిర్యానీ ఖర్చు కూడా కాదది.

పదేళ్ల కింద నేనూ ఈ గల్తీ చేశాను. కరెంటు వైర్లున్న పైపులోనే నెట్ కేబుల్ లాగించాను. కొన్నాళ్లకు నెట్ తెగుతూ అతుకుతూ సతాయించింది. మార్చుదామంటే కేబుల్ కదల్లేదు. రంగేసిన గోడ పగలగొట్టాం. అమ్మీ ఆ దుమ్ములోనే నమాజ్ చదువుకుంది. పైగా అది ఖతర్నాక్ కూడా. 230 వోల్టుల తీగ తొడుగు ఎక్కడైనా దెబ్బతింటే ఆ కరెంటు నెట్ కేబుల్ వెంట రౌటర్‌లోకి, కంప్యూటర్‌లోకి రావచ్చు.

కాబట్టి నెట్‌కి అలగ్ పైప్, ఒక అంగుళంది. కరెంటు పైపుకు జర దూరంగా నడవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా, సూటిగా దాటాలి. గాడిలో పైప్‌ని మేకులతో, బైండింగ్ వైర్‌తో గట్టిగా బిగించాలి, లేకపోతే సిమెంటు కొట్టేటప్పుడు బయటికి తన్నుకొస్తుంది. మూతులకు గుడ్డ కుక్కాలి. మూలల్లో ఎల్బో వద్దు, నిదానంగా తిరిగే బెండ్ వేయాలి. క్యాట్-6 కేబుల్‌లో నాలుగు జతల తీగలు మెలితిరిగి ఉంటాయి, బయటి గోల లోపలికి రాకుండా ఆపేది ఆ మెలికే. బలంగా గుంజినా, మడత పెట్టినా అది పోతుంది. కేబుల్ కొనేటప్పుడు తీగ చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. సస్తా అని దాన్ని గోడలో పెట్టకండి. ఇప్పుడు కేబుల్‌కి పైసల్లేకపోయినా పర్వాలేదు, పైపులో ఒక నైలాన్ దారం వదలండి. రేపు ఫైబర్ అయినా దాంతోనే లాగొచ్చు.

ఇదంతా ప్లాస్టరింగ్‌కి ముందే చూసుకోవాలి. మేడిగడ్డ బ్యారేజీ ఉన్న మండలమిది. 2023 అక్టోబర్‌లో అక్కడ పిల్లర్లు కుంగిన తర్వాత, లోపల ఏం వేశారని అడగడం ఇక్కడివాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.

"ఫిజూల్ ఖర్చు కాదా?" అన్నారు దూలాభాయ్. ఇస్రాఫ్ భయం మంచిదే. కానీ అదే ఇంట్లో ఫాల్స్ సీలింగ్‌కి బయానా ఇచ్చేశారు. నేను ఆ మాట ఎత్తలేదు, ఆపా ఎత్తింది.

భాంజీని పిలిచి నీ మేజా ఎక్కడ వేసుకుంటావని అడిగాను. వెనక గదిలో కిటికీ పక్కన సుద్దముక్కతో గీత గీసింది. సాయంత్రానికి పైప్ అక్కడిదాకా వచ్చింది. గోడ మూసేలోగా టేపు పట్టి, కొలతలు కనిపించేలా ఫోటోలు తీశాం. రేపు కేలండర్ కోసం మేకు కొట్టేవాళ్లు చూసుకోవడానికి అవి ఆపా ఫోన్‌లో ఉన్నాయి.