పురుగును సాక్ష్యానికి లాగకండి



కొన్ని వారాలుగా మన యూత్ గ్రూపుల్లో ఒక ప్రసంగం తిరుగుతోంది. ప్లనేరియా అనే పురుగును ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కా మళ్లీ పూర్తి పురుగు అవుతుంది, నిజమే. కానీ ఆ బోధకుడు దాని మీద మూడు మాటలు కట్టాడు. ఒకటి, ఇది పునరుత్థానానికి రుజువు. రెండు, ఇది పరిణామ సిద్ధాంతం అబద్ధమనడానికి రుజువు. మూడు, కాబట్టి విశ్వాసుల పిల్లలు జువాలజీ జోలికి పోకూడదు. చాలామంది మూడింటికీ కలిపి ఆమెన్ అనేశారు. నేను ఒక్కదానికీ అనను. ఎందుకో చెబుతాను.

ముందు ఆ పురుగు సంగతి. మంచినీటిలో రాళ్ల కింద బతికే చిన్న చదును పురుగు ఇది. దాని నోరు తలలో ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది. తల, నడుము, తోక అని మూడు ముక్కలు చేస్తే రెండు వారాల్లో మూడు పురుగులవుతాయి. 1898లో థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రవేత్త పురుగులో 279వ వంతు ముక్క కూడా పూర్తి పురుగు కాగలదని లెక్కగట్టాడు. ఈ శక్తి దాని ఒళ్లంతా పరచుకున్న నియోబ్లాస్టులనే మూలకణాలది. రేడియేషన్‌తో వాటిని చంపేస్తే పురుగు ఇక పెరగదు, చచ్చిపోతుంది. అలా చావబోయే పురుగులో ఆరోగ్యంగా ఉన్న మరో పురుగు నుంచి తీసిన ఒకే ఒక్క కణాన్ని పెడితే, అది పెరిగి పురుగును నిలబెట్టిందని 2011లో చూపించారు.

ఇక మొదటి మాట. ఇది పునరుత్థానానికి రుజువా? కోసిన ప్లనేరియా చావలేదు, బతికే ఉంది. లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉన్నాడు. బతికున్న కణం పెరగడం వేరు, చచ్చినవాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలవడం వేరు. పైగా ఒక పురుగును కోస్తే రెండవుతాయి. ఆ రెండింట్లో మొదటిది ఏది? మన నిరీక్షణ మనలాంటి ఇంకొకరు పుడతారని కాదు. నిద్రించిన మన అమ్మ మన అమ్మగానే లేస్తుందని. అన్నిటికంటే పెద్ద సంగతి యోహాను 20వ అధ్యాయంలో ఉంది. ప్లనేరియా మళ్లీ పెరిగితే కోసిన గుర్తు కూడా మిగలదు. లేచిన ప్రభువు మాత్రం తోమాకు తన చేతుల గాయాలు చూపించాడు. ఆ గాయాలు మన కోసం పడినవి, ఆయన వాటిని చెరిపేసుకోలేదు. గాయాల గుర్తులున్న ప్రభువును పక్కన పెట్టి, గుర్తే మిగలని పురుగును పునరుత్థానానికి సాక్షిగా నిలబెట్టడం సువార్తను పెంచడమా, తగ్గించడమా? ఖాళీ సమాధి చాలదా మనకు?

రెండో మాట. ఇంత శక్తి వరుసగా వచ్చిన మార్పుల వల్ల రాలేదు, అందుకే పరిణామం అబద్ధం అంటున్నాడు. ఆయన ప్లనేరియా బంధువుల ఇళ్లకు వెళ్లి చూడలేదు. అదే జాతివర్గంలో తోక ముక్క నుంచి తల మొలిపించలేని పురుగులున్నాయి. 2013లో శాస్త్రవేత్తలు వాటి కణాల్లో ఒక సంకేతాన్ని తగ్గించి చూశారు. తల మొలిచింది! అంటే దగ్గరి చుట్టాల మధ్య ఈ శక్తి ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంత చిన్నదో చూడండి. ఆయన అడ్డుగోడ అనుకున్న చోట తలుపుంది.

"సైన్సు మాట మారుస్తుంది" అని కూడా అన్నాడు. నిజమే. చదును పురుగులు రెండు పక్కలూ సమానంగా ఉండే జంతువులన్నిటికీ మొదటి మెట్టు అని ఒకప్పుడు పుస్తకాల్లో రాశారు. 1990ల నుంచి డీఎన్‌ఏ పోల్చి చూస్తే వాటికి వానపాములతో, నత్తలతో దగ్గరి వరస కలిసింది. పుస్తకం దిద్దుకున్నారు. మన ఊళ్లో మళ్లీ సర్వే చేసి హద్దురాయి జరిపితే, అసలు పొలమే లేదంటామా? తప్పు కనబడితే దిద్దుకునేవాణ్ణి చూసి నవ్వే హక్కు, ఎన్నడూ దిద్దుకోని ప్రసంగీకులకు లేదు.

వాన ఎలా పడుతుందో తెలిసినా వాన కోసం మోకాళ్లూనుతున్నాం. బిడ్డ గర్భంలో ఎలా పెరుగుతుందో తెలిసినా బిడ్డను దేవుడిచ్చాడంటున్నాం. జీవరాసుల మధ్య వరసలు కనిపెడితే మాత్రం సృష్టికర్త సింహాసనం ఎందుకు కదులుతుంది? డార్విన్ మాటను అమెరికాలో సమర్థించిన ఆసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసి. మనకు తెలియని చోట్ల మాత్రమే దేవుణ్ణి ఉంచితే, తెలిసేకొద్దీ ఆయనకు చోటు తగ్గుతుంది. తెలిసిన చోటా తెలియని చోటా ప్రభువు ఆయనే.

మూడో మాట దగ్గర నాకు కోపం వస్తోంది. మన పల్లెల పిల్లలు అడిక్‌మెట్‌లో, తార్నాకలో ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకుని, వంట చేసుకుని, ఉస్మానియాకు వెళ్లి చదువుతున్నారు. చాలా ఇళ్లలో మొదటి డిగ్రీ వాళ్లదే. కూలి డబ్బు కూడబెట్టి పంపిన తల్లిని పట్టుకుని, "అమ్మా, నీ కూతురు సాతాను చదువు చదువుతోంది" అనడం ఏ ఆత్మ ఫలం? ఆ మాట అన్నవాళ్ల పిల్లలు ఇంజనీరింగ్ మానుకున్నారా?

ఆ చదువు ఎందుకంటారా? చెరువు గట్టున మేసిన గొర్రెకు దవడ కింద నీరు దిగితే అది కార్జపు జలగ పని కావచ్చు. అదీ చదును పురుగే, ప్లనేరియాకు చుట్టమే. నత్తలో కొంతకాలం పెరిగి, గడ్డి మీదుగా గొర్రె కాలేయానికి చేరుతుంది. మనిషి రక్తనాళాల్లో ఏళ్ల తరబడి బతికే షిస్టోసోమా అనే పురుగు కూడా ఆ వంశమే. దానిలోనూ ప్లనేరియా కణాలవంటి మూలకణాలున్నాయని 2013లో బయటపడింది. పనికిరాని పురుగును చదివినందుకే ప్రాణం తీసే పురుగు గుట్టు దొరికింది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. చూసి దేవునికి కృతజ్ఞతగా పద్యం రాసి భార్యకు పంపాడు. బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది. సూక్ష్మదర్శిని ఒక చేతిలో, స్తోత్రం ఒక నోట. ఇందులో సాతాను ఎక్కడ?

మొదటి రాజుల గ్రంథం 4వ అధ్యాయం తెరవండి. దేవుడు సొలొమోనుకిచ్చిన జ్ఞానంలో చెట్లూ పక్షులూ చేపలతోపాటు ప్రాకే పురుగులూ ఉన్నాయి. యోనా 4వ అధ్యాయంలో సొరచెట్టును తొలిచిన పురుగును దేవుడే ఏర్పాటు చేశాడు. పురుగును గురించి నేర్చుకోవడం దేవుని పనిని చూడటమే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను చదువు మాన్పించకండి. ఆ ప్రసంగం ఫార్వర్డ్ చేసే ముందు యోహాను 20 చదవండి. బిడ్డలారా, పరీక్షలో మీ పుస్తకం చెప్పింది నిజాయితీగా రాయండి, అది ప్రభువును ఎరుగననడం కాదు. ల్యాబ్‌లో భయం లేకుండా తల వంచి చూడండి. ఆదివారం తల ఎత్తి పాడండి. సందేహం వస్తే దాచుకోకండి, ఫోన్ చేయండి, కలిసి వాక్యం చదువుదాం.

సర్వసృష్టికర్తవైన తండ్రీ, నీ పనులను వెతికే మా బిడ్డలను కాపాడు. నీ పేరుతో వారిని భయపెట్టే నోళ్లకు జ్ఞానమివ్వు. మృతులలోనుండి లేచిన నీ కుమారుని నామంలో అడుగుతున్నాము, ఆమెన్.