అలెగ్జాండ్రియాకి ఒక్క రోజు చాలదు

ఫస్టియర్ సీ ల్యాబ్‌లో ప్రైమ్ నంబర్లకి 'సీవ్ ఆఫ్ ఎరటోస్తనీస్' అని రికార్డులో రాసుకున్నాం, గుర్తుందా? ఆ ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియా లైబ్రరీకి పెద్ద. మిట్టమధ్యాహ్నం నీడ కోణాన్ని బట్టి భూమి చుట్టుకొలత లెక్కగట్టింది కూడా ఆయనే. అందుకే డిసెంబర్లో నాన్న ఆఫీసు పని మీద కైరో వెళ్తూ నన్నూ అమ్మనీ తీసుకెళ్తే, పిరమిడ్లకంటే ముందు నేను అడిగింది ఈ ఊరు.

కైరో నుంచి రెండొందల కిలోమీటర్ల పైనే. అందరిలాగే పొద్దున్నే వ్యాన్‌లో వెళ్లి రాత్రికి వచ్చేశాం. మేం చేసిన తప్పు అదే.

మా గైడ్ రోజంతా 'ఉండేది' అనే మాటే చెప్పాడు. ఇక్కడ ఫారోస్ లైట్‌హౌస్ ఉండేది, 14వ శతాబ్దం భూకంపాలకి పోయింది. నిజమే, దాని రాళ్లు ఇప్పటికీ సముద్రం అడుగున ఉన్నాయి. ఆ చోటే 1477లో సుల్తాన్ ఖైత్‌బే మొదలుపెట్టిన కోట మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది, దానికి ఇచ్చింది ఇరవై నిమిషాలు! పాంపే స్తంభం దగ్గర ఒక ఫోటో. (దానికీ పాంపేకీ సంబంధం లేదు, డయోక్లీషియన్ చక్రవర్తి కోసం నిలబెట్టారు.)

పాత లైబ్రరీని సీజర్ తగలబెట్టాడనే కథ కూడా చెప్పాడు. సీజర్ యుద్ధంలో మంటలు లేచిన మాట నిజం. కానీ లైబ్రరీ ఒక్క రాత్రిలో పోలేదు, ఆ తర్వాత కూడా నడిచింది. డబ్బిచ్చేవాళ్లు, పాడైపోతున్న పపైరస్ చుట్టల్ని తిరిగి రాసేవాళ్లు తగ్గిపోయి, శతాబ్దాల మీద మెల్లగా పోయింది. మన భాషలో చెప్పాలంటే, డిస్క్ క్రాష్ కాదు, బ్యాకప్ తీసే మనిషి లేకపోవడం. నాకు మంటల కథకంటే ఇదే ఎక్కువ భయం వేసింది.

2002లో తెరిచిన కొత్త లైబ్రరీ సముద్రం ఒడ్డునే ఉంది. లోపల రీడింగ్ హాల్ పదకొండు అంచెలుగా మెట్లలా దిగుతుంది, పైన వాలు కప్పులోంచి వెలుతురు. మా కాలేజీ పిల్లల్లాంటి వాళ్లే లాప్‌టాప్‌లు ముందేసుకుని చదువుకుంటున్నారు. బయట గ్రానైట్ గోడ మీద ప్రపంచంలోని దాదాపు 120 లిపుల అక్షరాలు చెక్కారు. అమ్మ వెంటనే తెలుగు కోసం వెతకడం మొదలుపెట్టింది. నేను గుండ్రంగా ఉన్న ఒకదాన్ని చూపించి "అమ్మా, ఇదిగో మనది" అన్నా. అమ్మ నావైపు చూసి, "ఇది మనది కాదురా" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం అని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది.

ఇంకా సగం గోడ ఉండగానే వ్యాన్ హారన్ కొట్టాడు.

మీరెవరైనా వెళ్తే రెండు రాత్రులు ఉండండి. ఒక సాయంత్రం కార్నీష్ మీద నడవండి, ఒక పూట ఆ గోడకి ఉంచుకోండి. తెలుగు అక్షరం దొరికితే ఫోటో పంపండి, అమ్మకి చూపించాలి.